వేయని హీటరుకు 22 వేలు

కారు నిన్న సాయంత్రమే ఇంటికి వచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. రెండు రోజులు ఆగితే మర్యాదగా రాసేస్తాను.

పోయిన ఆదివారం హైదరాబాద్ నుంచి నల్గొండ వస్తున్నాం. నార్కట్‌పల్లి దగ్గర హైవే వదిలి చెరువుగట్టు దాటామో లేదో, కారులో ఏదో తియ్యటి వాసన. బెల్లం పాకం మాడినట్టుందని మా ఆవిడ అంది. ఇంజను వేడి చూపే ముల్లు చూస్తే ఎర్ర గీతను అంటుకుంటోంది. పక్కకు ఆపి బానెట్ ఎత్తాను. లోపల ఆవిరి, కింద తారు మీద ఆకుపచ్చ నీళ్లు. గట్టు మీది రామలింగేశ్వరుడికి అక్కడి నుంచే దండం పెట్టి, రేడియేటర్ మూత ముట్టుకోకుండా వేపచెట్టు కింద కూర్చున్నాం.

మూత ఎందుకు ముట్టుకోకూడదో నాకు తెలుసు. 31 ఏళ్లు బడిలో భౌతికశాస్త్రం చెప్పినవాడిని. మూత బిగించి ఉంటే లోపలి ఒత్తిడి బయటి గాలికన్నా దాదాపు రెట్టింపు ఉంటుంది, నీరు 120 డిగ్రీల దాకా మరగకుండా నిలుస్తుంది. మూత తిప్పిన క్షణంలో ఒత్తిడి పడిపోయి, ఆ నీరంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి లేస్తుంది. ఇది గొప్ప కోసమే రాస్తున్నాను. తరువాతి కథలో నాకు గొప్ప చెప్పుకునే అవకాశం లేదు.

క్రేన్ వచ్చింది, కారును సర్వీస్ సెంటర్‌లో దించింది.

మర్నాడు నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. హీటర్ కోర్, అంటే కారులోకి వచ్చే గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్, మార్చాలట, అందుకు డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలట. 22,300 రూపాయలు.

"హీటరా? నల్గొండలో హీటర్ ఎవరు వేస్తారు బాబూ? కారు కొని 12 ఏళ్లయింది, ఆ మీటను ఒక్కసారి కూడా ఎరుపు వైపు తిప్పలేదు. వాడనిది ఎలా పాడవుతుంది?" అన్నాను. గట్టిగానే అన్నాను, నలుగురికీ వినపడేలా.

ఆ కుర్రవాడు నన్ను కాసేపు చూశాడు. తరువాత తలుపు తీసి లోపలికి కేక వేశాడు: "అన్నా, సార్ హీటరే వేయలేదట! లీకు ఎలా వచ్చిందని అడుగుతున్నారు." లోపల నవ్వులు. పానా పట్టుకుని ఒకడు అద్దం దాకా వచ్చి నన్ను చూసి వెళ్లాడు. పక్క సోఫాలో కూర్చున్నాయన పేపరు మడిచి మరీ విన్నాడు.

అప్పుడు కుర్రవాడు ఎస్టిమేట్ వెనక్కి తిప్పి, పెన్నుతో ఇంజను ఒక డబ్బాగా, హీటర్ ఒక చిన్న డబ్బాగా గీసి, ఆరో తరగతి పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. "మీరు వేసినా వేయకపోయినా ఈ కారులో ఇంజను వేడినీళ్లు హీటర్‌లోకి వెళ్లి వస్తూనే ఉంటాయి సార్. మీరు తిప్పే మీట గాలికే, నీళ్లకు కాదు."

నిజమే చెప్పాడు. నొప్పి అక్కడే ఉంది. వేడి ఎలా ప్రయాణిస్తుందో బల్ల మీద బీకరు పెట్టి వేలమందికి చూపించాను, నా కాళ్ల ముందు 12 ఏళ్లుగా తిరుగుతున్న నీళ్ల సంగతి మాత్రం తెలియలేదు.

అయితే నీళ్ల సంగతి తెలిసినంత మాత్రాన బిల్లు నిజం కాదు కదా. ఏ భాగం విరిగిందో చూపించమన్నాను. కస్టమర్లు లోపలికి రాకూడదన్నాడు. మరమ్మతు వద్దని సంతకం చేయించుకుని, చూసినందుకు 1,180 రూపాయలు తీసుకుని, కారును గేటు బయటికి నెట్టించారు. విరిగిన ముక్కను కళ్లతో చూడనిదే ఎవరికీ డబ్బు ఇవ్వకండి. ఇది సలహా కన్నా పగ అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మిర్యాలగూడ రోడ్డులోని మెకానిక్ తన షెడ్డులో రెండు నిమిషాలు టార్చి వేసి చూసి, ఇంజను వెనక రేకు దగ్గర చెయ్యి పెట్టి, బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క బయటికి తీశాడు. "కోర్ బాగానే ఉంది సార్. రెండు హోస్ పైపులను కలిపే జాయింటు ఇది. ఇదే విరిగింది." నల్లగా ఉండవలసిన ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది. గోరుతో నొక్కితే బిస్కట్‌లా రాలింది. ఏళ్ల తరబడి కాగి చల్లారి, కాగి చల్లారి పెళుసెక్కిందట. అంచున పట్టకారు పళ్ల గుర్తులు కూడా ఉన్నాయి. గత సర్వీసులో ఎవరో లాగారు. ఆ సర్వీసు ఎక్కడ చేయించానో మీరు ఊహించే ఉంటారు.

ముక్క లోపల మరో సంగతి కనిపించింది. నీళ్లు కాచే కాగు అడుగున ఉండే తెల్లటి గార. ఇన్నాళ్లూ బోరు నీళ్లు పోస్తున్నానని ఒప్పుకోక తప్పలేదు. "మన నీళ్లు మన పళ్లనే వదల్లేదు, రేడియేటర్‌ను వదులుతాయా సార్?" అన్నాడు. పళ్లను పాడుచేసేది ఫ్లోరైడ్, గార కట్టేది నీటి కాఠిన్యం, రెండూ వేరు నాయనా అని చెప్పబోయి ఊరుకున్నాను. ఆ వారానికి నా పాఠాలు చాలు.

ఆ జాయింటు విడిగా అమ్మరట, పైపుల సెట్టు మొత్తం కొనాలట. నా పిసినారితనం కొద్దీ మొదట ఎపాక్సీ ముద్దతో అతికించమన్నాను. గడియారం సెంటర్ దాకా కూడా నిలవలేదు. హీటర్‌ను తప్పించి పైపులు నేరుగా కలిపేద్దామా, మన ఎండలకు చాలామంది అదే చేయించుకుంటారు అన్నాడు. వద్దన్నాను. ఇన్నాళ్లూ వాడకపోయినా, డిసెంబరు తెల్లవారుజామున అద్దానికి పట్టే మంచు పోవడానికి ఇకనైనా పనికొస్తుంది. పైగా అంత అవమానపడి తెలుసుకున్న నీటిదారిని మూసేయడానికి మనసొప్పలేదు.

దాంతో ఆ జాయింటును ఇత్తడితో చేయించడానికి లేత్ షాపు. అక్కడి పనివాడు ఇత్తడి కడ్డీని మిషనుకు బిగించి, 16 మిల్లీమీటర్ల హోస్‌లోకి బిగువుగా దిగేలా చెక్కాడు. బంగారు రంగు తీగలు చుట్టలు చుట్టలుగా అతని చెప్పుల మీద పడుతున్నాయి. పైపు జారిపోకుండా రెండు కొసల దగ్గరా ఉబ్బెత్తుగా కట్ట వదిలాడు. 350 రూపాయలు. మెకానిక్ కూలి 600. క్లిప్పులు, కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ఆ ఆకుపచ్చ ద్రవం), దానితో సగానికి సగం కలపడానికి డిస్టిల్డ్ వాటర్ వేరే. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం కూడా. షెడ్డు కుక్క నాకబోతే తరిమి, కింద పడిన దాని మీద ఇసుక పోశాం.

చివరి పని, లోపల చిక్కిన గాలిని తీయడం. రేడియేటర్ మూత తీసి ఉంచి, ఇంజను చల్లగా ఉన్నప్పుడే ఆన్ చేసి, నన్ను సీటులో కూర్చోమని, హీటర్ మీట పూర్తిగా ఎరుపు వైపు తిప్పమన్నాడు. వేడిగాలి వస్తే నీళ్లు హీటర్ దాకా చేరినట్టట. 12 ఏళ్లలో మొదటిసారి తిప్పాను, మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు. బుడగలు వస్తున్నాయి, నీళ్లు దిగుతున్నాయి, అతను పోస్తున్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"గాలి వేడిగా వస్తోందా సార్?" బానెట్ వెనక నుంచి అడిగాడు.

ఒక చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి, ఇంకో చెయ్యి హీటర్ ముందు పెట్టి పోల్చి చూశాను. లోపలిదే ఎక్కువ వేడిగా ఉందని చెప్పాను.

"అయితే మూత బిగిస్తున్నాను" అన్నాడు.