తేదీ వేయని రాజీనామా

గవర్నర్ విల్లీ స్టార్క్ తన మనిషి ఒకణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి ఉత్తరం రాయిస్తాడు. ఆ మనిషి పేరు పిల్స్‌బరీ. డబ్బు తింటూ దొరికిపోయాడు. రాయించేది రాజీనామా. సంతకం పెట్టించుకుంటాడు గానీ తేదీ వేయనివ్వడు. ఆ కాగితం ఇక గవర్నర్ దగ్గరే ఉంటుంది, అవసరం పడ్డ రోజున తేదీ ఆయనే వేసుకుంటాడు. 1949లో వచ్చిన ‘ఆల్ ది కింగ్స్ మెన్’ అనే హాలీవుడ్ సినిమాలో ఈ సీన్ రాగానే నేను సోఫాలో ముందుకు జరిగి కూర్చున్నాను.

నేను ఆర్ అండ్ బీలో, అంటే రోడ్లు భవనాల శాఖలో, అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)గా చేరి పై హోదా డీఈగా రిటైరయ్యాను. మా ఉద్యోగమంతా సంతకాలే. చేసిన పని కొలిచి ఎం.బుక్ అనే పుస్తకంలో కొలతలు రాసి సంతకం, ఆ కొలతలు మళ్ళీ సరిచూసి సంతకం, బిల్లు మీద సంతకం. చేరిన కొత్తలో మా డీఈ గారు నేర్పిన మొదటి పాఠం, "సంతకం కింద తేదీ వెయ్యవయ్యా, రేపు నిన్ను కాపాడేది అదే" అని. అందుకే పిల్స్‌బరీ చేతిలో పెన్ను చూసి నాకు చెమట పట్టినంత పనయింది.

మా అమ్మాయి వాళ్ళు ఉండేది లూసియానా రాష్ట్ర రాజధాని బాటన్ రూజ్‌లో. పగలు అక్కడి చట్టసభలుండే కాపిటల్ భవనం చూపించుకొచ్చి, రాత్రి ఈ సినిమా పెట్టింది. "ఆ బిల్డింగ్ కట్టించినాయన కథే నాన్నా, పేర్లు మార్చారంతే" అంది. కట్టించినాయన హ్యూయీ లాంగ్. 1928 నుంచి 1932 దాకా గవర్నర్, ఆ తర్వాత సెనేటర్. 1935 సెప్టెంబరులో అదే భవనంలో తుపాకీ కాల్పులకు గురై రెండు రోజులకు పోయాడు. ఆయన్ని చూసి పుట్టిన పాత్రే విల్లీ స్టార్క్ అని అందరూ అంటారు. 1946లో నవల రాసిన రాబర్ట్ పెన్ వారెన్ ఆ రోజుల్లో బాటన్ రూజ్ యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పేవాడు. సినిమాలో మాత్రం ఏ రాష్ట్రమో ఎక్కడా చెప్పరు. తీసింది కూడా కాలిఫోర్నియాలో, స్టాక్టన్ ఊరూ ఆ చుట్టుపక్కలా. గుంపుల్లో కనిపించే ముఖాలు చాలావరకు ఆ ఊరి వాళ్ళవే. ఎండకు నల్లబడిన మెడలు, పనికి అలవాటుపడిన చేతులు. జూనియర్ ఆర్టిస్టులకు మేకప్ వేస్తే వచ్చే ముఖాలు కావవి.

కథ మొదలయ్యేది ఇటుకల దగ్గర. విల్లీ పల్లెటూరి మనిషి, పెళ్ళాం దగ్గర పాఠాలు చెప్పించుకుంటూ రాత్రిళ్ళు లా చదువుతుంటాడు. కౌంటీలో, అంటే వాళ్ళ జిల్లాలో, బడి కట్టే కాంట్రాక్టు తమవాళ్ళకే కట్టబెట్టారని, నాసిరకం సరుకు వాడుతున్నారని వీధిలో నిలబడి అరుస్తాడు. ఎవడూ వినడు, పైగా తన్నులు. కొన్నాళ్ళకు బళ్ళో ఫైర్ డ్రిల్ జరుగుతుంటే బయటి మెట్లు గోడ నుంచి ఊడి కూలిపోతాయి. పిల్లలు చనిపోతారు. శవాలు పూడ్చేచోట ఒక తండ్రి విల్లీ వైపు తిరిగి, నీ మాట వినకపోవడం మాదే పాపం అన్నట్టు మాట్లాడతాడు. అతని రాజకీయం పుట్టింది అక్కడే.

నేను పాజ్ చేయించి మా అమ్మాయికి ఇటుక పరీక్ష చెప్పాను. రెండు ఇటుకలు తీసుకుని ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమని మోగాలి, మొద్దుగా శబ్దం వచ్చిందా, అది సరిగ్గా కాలలేదన్నమాట. గోరుతో గీస్తే గీత పడకూడదు. మీటరు ఎత్తు నుంచి జారవిడిస్తే విరక్కూడదు. నీళ్ళలో ఒక రోజంతా నానబెట్టి తూస్తే ఐదో వంతుకు మించి బరువు పెరగకూడదు. చేతిలో ఏ పరికరమూ లేకపోయినా మొదటి మూడూ ఏఈ అన్నవాడు సైట్‌లో నిలబడి చేసెయ్యొచ్చు. చెయ్యలేదంటే చేయాలనుకోలేదనే అర్థం. "మీరు సినిమా చూడట్లేదు నాన్నా, ఇన్‌స్పెక్షన్ చేస్తున్నారు" అంది.

తర్వాతి మలుపు మనవాళ్ళకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. పల్లెటూరి ఓట్లు చీల్చడానికి విల్లీని గవర్నర్ పోటీకి దింపుతారు. అతనికేమో నిజంగానే తనను జనం కోరుకున్నారని నమ్మకం. పన్నులు, బడ్జెట్లు, అంకెలు చదివే ఉపన్యాసాలు ఇస్తుంటాడు, జనం ఆవులిస్తుంటారు. నువ్వు డమ్మీవిరా బాబూ అని మొహం మీద చెప్పేది ప్రచారంలో అతని వెంట ఉండే శాడీ. ఆ రాత్రి తాగి, మర్నాడు హ్యాంగోవర్‌తోనే వేదికెక్కి కాగితాలు పారేసి, మీరూ మొద్దులే, నేనూ మొద్దునే, మనల్ని వాడుకున్నారని మొదలుపెడతాడు. విల్లీగా వేసిన బ్రాడెరిక్ క్రాఫోర్డ్ ఆ నిమిషాన మనిషే మారిపోతాడు. అంతవరకూ ఒంటి మీద వేలాడిన కోటు ఒక్కసారిగా సరిపోయినట్టు కనిపిస్తుంది. ఈ పాత్ర ముందు జాన్ వేన్‌కి వెళ్ళిందట, ఆయన స్క్రిప్టు చదివి మండిపడి తిప్పికొట్టాడట. ఆ ఏడాది ఆస్కార్ ఉత్తమ నటుడి పోటీలో ఇద్దరూ ఉన్నారు. గెలిచింది క్రాఫోర్డ్.

ఎన్నిక ఓడిపోతాడు, మళ్ళీ నిలబడి గెలుస్తాడు. గెలవడానికి మధ్యలో ఎవరెవరితో ఒప్పందాలు చేసుకున్నాడో చూపించీ చూపించనట్టు దాటేస్తారు. డాక్టర్ ఆడమ్ స్టాంటన్ అదే అడుగుతాడు. విల్లీ జవాబు సూటిగా ఉంటుంది: మంచి అనేది చెడులోంచే పుడుతుంది, దాన్ని తయారుచేసుకోవడానికి మనకున్న ముడిసరుకు అదొక్కటే.

మామూలు రాజకీయ సినిమాలో ఇలా మాట్లాడేవాడు ఏమీ చేయడు, దోచుకుంటాడంతే. చూసేవాడికి పని తేలిక. ఇక్కడ విల్లీ రోడ్లు వేస్తాడు, ఆసుపత్రి కడతాడు, యూనివర్సిటీ కడతాడు. నాకు ఈ సినిమా మీద గౌరవం కలిగింది అందుకే. హ్యూయీ లాంగ్ విషయంలోనూ అంతే. ఆయన వచ్చేనాటికి లూసియానా మొత్తంలో రాష్ట్రం వేసిన పక్కా రోడ్లు సుమారు 300 మైళ్ళు. ఆ తర్వాత వేలల్లోకి వెళ్ళాయి. బడి పిల్లలకు ఉచితంగా పుస్తకాలిచ్చాడు. ఓటు వేయాలంటే కట్టాల్సిన పన్ను ఆయన హయాంలోనే, 1934లో పోయింది. 34 అంతస్తుల కాపిటల్‌ను పద్నాలుగు నెలల్లో లేపాడని గైడ్ చెబుతుంటే నాకు మా డిపార్టుమెంటులో పునాది గోతుల్లో తుమ్మచెట్లు మొలిచిన బిల్డింగులు గుర్తొచ్చాయి. మనసులో దండం పెట్టుకున్నాననే చెప్పాలి.

కానీ అదే చేత్తో ఆయన ప్రభుత్వోద్యోగుల జీతాల్లోంచి పార్టీ కోసం కోత కోసేవాడు. ఆ డబ్బుకి ‘డిడక్ట్ బాక్స్’ అని పేరు కూడా ఉండేది. తేదీ లేని రాజీనామాలు తీసి పెట్టుకోవడం ఆయన అలవాటే, సినిమావాళ్ళు కల్పించింది కాదు. 1929లో దిగువ సభ ఆయన్ని అభిశంసిస్తే, సెనేట్‌లో పదిహేను మంది కలిసి ఒక కాగితం మీద సంతకాలు పెట్టారు. సాక్ష్యం ఏదైనా సరే, మేము శిక్షకు ఓటు వేయం అని. మూడింట రెండొంతుల ఓట్లు పడవని తేలిపోయి విచారణ అక్కడితో ఆగింది. సాక్ష్యం వినకముందే తీర్పు మీద సంతకం! సైట్ చూడకుండా ఎం.బుక్ రాసినట్టు.

సినిమాలో కూడా నేను లెక్క చూసుకుంటూ పోయింది విల్లీని కాదు, చుట్టూ ఉన్నవాళ్ళని. విల్లీ పిల్స్‌బరీని కాపాడినందుకు నిరసనగా అటార్నీ జనరల్ జడ్జి స్టాంటన్ ఒక్కడే రాజీనామా చేసి పోతాడు, తేదీ వేసి మరీ. డాక్టర్ ఆడమ్ ఆ ఆసుపత్రికి పెద్దగా ఉండడానికి ఒప్పుకుంటాడు. అతని చెల్లెలు ఆన్ విల్లీకి దగ్గరవుతుంది. విలేఖరి జాక్ బర్డెన్ ఉద్యోగం మానేసి విల్లీ దగ్గర చేరి, ఎవరి గతంలో ఏముందో తవ్వి ఒక నల్ల పుస్తకంలో రాస్తుంటాడు. చివరికి తనను పెంచినంత ఆప్యాయంగా చూసిన జడ్జి మీదే తవ్వాల్సి వస్తుంది. దొరుకుతుంది కూడా. ఎప్పుడో ఏళ్ళ కిందట పుచ్చుకున్న లంచం. అది విల్లీ చేతికి చేరిన రోజు జడ్జి తుపాకీతో కాల్చుకుంటాడు. జాక్ చేసింది ఏమిటంటే కొలతలు సరిగ్గా రాశాడు, అంతే. ఎవరికోసం రాస్తున్నాడో అడగలేదు. ఈ రకం మనుషులు ఏ ఆఫీసులోనైనా ఉంటారు, ప్రతిభావంతులు, క్రమశిక్షణ గలవాళ్ళు, చెడ్డవాళ్ళు అనడానికి నోరు రాదు. జాన్ ఐర్లాండ్ ఆ పాత్రను కాస్త కొయ్యబారినట్టు చేశాడని నాకనిపించింది. అయినా నష్టం లేదు, జాక్ లాంటివాళ్ళు బయటికి అలాగే ఉంటారు.

శాడీగా వేసిన మెర్సిడెస్ మెకేంబ్రిడ్జ్ మాత్రం తెర మీద ఉన్నంతసేపు ఇంకొకరి మీదికి చూపు పోనివ్వదు. రేడియో నటి, ఇదే మొదటి సినిమా, మొదటి సినిమాకే ఆస్కార్. ఉత్తమ చిత్రం కూడా దీనికే వచ్చింది. రెండో సగం పరుగెత్తుతుంది, అతుకులు కనిపిస్తాయి. మొదటి కూర్పు నాలుగు గంటలు దాటిందట. ప్రతి సీన్‌లో ముఖ్యమైన చోటు పట్టుకుని అటూ ఇటూ వంద అడుగుల ఫిల్ము కోసెయ్యమని దర్శకుడే చెప్పాడని అంటారు. మిగిలింది 109 నిమిషాలు.

ఆ దర్శకుడు రాబర్ట్ రాసెన్ సంగతి నేను మర్నాడు చదివాను, చదివాక సినిమా ఇంకో రకంగా కనిపించింది. ఆయన ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. 1947లో, హాలీవుడ్‌లో కమ్యూనిస్టుల్ని వెతికే అమెరికా కాంగ్రెస్ కమిటీ నోటీసులిచ్చిన పందొమ్మిది మంది హాలీవుడ్ వాళ్ళలో ఒకడు, అప్పుడు బోనెక్కించలేదు. ఈ సినిమా చేయడానికి ముందు, ఇప్పుడు పార్టీలో లేనని దీన్ని నిర్మించిన కొలంబియా స్టూడియో అధినేత హ్యారీ కోన్‌కి రాసివ్వాల్సి వచ్చింది. అంటే మొదటి షాట్ కన్నా ముందే ఒక కాగితం. 1951లో కమిటీ పిలిచింది. నేను సభ్యుణ్ణి కాను, ఇతరుల పేర్లు చెప్పను అన్నాడు. పని పోయింది, పాస్‌పోర్టు కూడా దొరకలేదు. రెండేళ్ళు ఆగి 1953లో మళ్ళీ వెళ్ళి కమ్యూనిస్టులంటూ 57 మంది పేర్లు చెప్పాడు. దేశ భద్రత ముందు వ్యక్తిగత నీతి అనేది ఏ ఒక్కడికీ తగని విలాసం అని కమిటీకి చెప్పుకున్నాడు. ఈ మాటను విల్లీ స్టార్క్ నోట్లో పెట్టినా ఎవరికీ తేడా తెలియదు.

"నలభై ఏళ్ళు దాటినవాడు, పెళ్ళాం పిల్లలున్నవాడు, రెండేళ్ళు పని లేకుండా ఉన్నాడమ్మా" అన్నాను నేను. సర్వీసులో ఉన్నప్పుడు నాలాంటివాళ్ళం చెప్పుకునే మొదటి మాట అదే, పెళ్ళాం పిల్లలు. మా అమ్మాయి ఊరుకోలేదు. "ఆ 57 మందికీ పెళ్ళాం పిల్లలు లేరా నాన్నా?" అంది. మా అల్లుడు గారు మధ్యలో కాఫీ తెచ్చిపెట్టి, సినిమా బాగుంది కదా మావయ్యగారూ, తీసినవాడితో మనకెందుకు అన్నారు. ఎవరికీ ఎవరూ సమాధానం చెప్పలేదు.

ఆ తర్వాత ఆయన తీసిన వాటిలో ‘ది హస్లర్’ అని 1961 నాటిది ఉంది, బిలియర్డ్స్ లాంటి పూల్ ఆట ఆడేవాడి కథ. ఆట గెలిచాక తన వాటా తనకు రావాలని బెదిరించే పెట్టుబడిదారుకి హీరో ఒక్క డాలర్ కూడా ఇవ్వనంటాడు. పెద్ద పూల్ హాళ్ళలో మళ్ళీ అడుగు పెట్టొద్దంటారు, సరేనని ఆట కర్ర పుచ్చుకుని వెళ్ళిపోతాడు. పేర్లు చెప్పిన ఎనిమిదేళ్ళకు రాసెన్ తీసిన హీరో ఇతను. శనివారం అది పెట్టమన్నాను.