పార్సిల్‌లో వచ్చిన ఫిడేలు

శనివారం

భోజనాల వేళకి పోస్టుమాన్ ఫోన్ చేశాడు. "ఇంటి కాడున్నారా బాబూ, పెద్ద డబ్బా ఒకటుంది." నాకంటే ముందు మా మేనకోడలు గేటు దగ్గరికి పరిగెత్తింది. కుంభకోణం నుంచి స్పీడ్ పోస్టులో ముప్పావు సైజు వయొలిన్.

కావాలనే పాతది కొన్నాం. పదకొండేళ్ల పిల్ల, చూస్తుండగానే ఫుల్ సైజుకి ఎదిగిపోతుంది. ఆ మాత్రానికి కొత్తదెందుకు? ఇలా ఎదిగిపోయిన పిల్లల ఫిడేళ్లు ఎన్ని ఇళ్లలో బీరువాల మీద దుమ్ము పట్టి ఉన్నాయో! విజయనగరంలో ఉండి ఫిడేలు కోసం కుంభకోణం దాకా పోవడమేమిటని మా బావ ఎత్తిపొడుపు. నిజమే, 1919లోనే సంగీత కళాశాల పుట్టిన ఊరు. ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఆచార్యులుగా చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయిన ఊరు. అయితే ఈ ఊళ్లో ఇంట్లో ఫిడేలున్నవాళ్లు దాన్ని అమ్మరు. తమ్ముడి కొడుక్కో, చెల్లెలి కూతురికో ఇచ్చేస్తారు. మనదాకా రాదు.

దాంతో ఫోన్‌లో వెతుకులాట. మిలిటరీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫరైంది, సామానంతా తెగనమ్మేస్తున్నాను అంటూ ఒకాయన ఐడీ కార్డు ఫొటో కూడా పంపాడు. అడక్కుండానే ఐడీ కార్డు చూపించేవాడితో బేరమేమిటి! రవాణా ఖర్చు కట్టండి, ఆ డబ్బు మీకు వెనక్కి వచ్చేస్తుంది, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నాడు. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికే గాని తీసుకోవడానికి కాదు కదా అన్నాను. అంతే, మనిషి మాయం.

ఇంకొకాయన మాత్రం నిజంగానే నమ్మి చెప్పాడు, పాపం. తాతగారి ఫిడేలట, లక్షన్నర చెప్పాడు. లోపల అతికించిన చీటీ ఫొటో పంపాడు. స్ట్రాడివేరియస్, 1721. దాని కిందే 'మేడిన్ జర్మనీ'. పేరుమోసిన ఫిడేళ్లు చేసిన స్ట్రాడివేరియస్ ఇటలీవాడు, క్రెమోనా ఊరు, 1737లో పోయాడు. ఆయన పేరున్న చీటీలు జర్మనీ కార్ఖానాల ఫిడేళ్లలో వేలకొద్దీ ఉంటాయి. మోసమని కాదు, ఫలానా నమూనాలో చేశామని చెప్పడానికి అలా అతికించేవారు. 1890లో అమెరికా కొత్త సుంకాల చట్టం తెచ్చి, దిగుమతి సరుకు మీద ఏ దేశంలో తయారైందో రాసి తీరాలంది. ఇలా దేశం పేరుతో ముద్ర వేయడం అప్పటి నుంచే బాగా వాడుకలోకి వచ్చింది. ఇదంతా ఆయనకి రాసి పంపాను. జవాబు రాలేదు. తాతగారి మీద ఆయనకున్న గౌరవాన్ని నేనెందుకు కదపాలి అని తర్వాత అనిపించింది.

కుంభకోణం ఆవిడ దారి వేరు. మనవరాలిది అమ్ముతున్నారు. ఆవిడకి తెలుగు రాదు, నాకు తమిళం రాదు, ఇద్దరం వచ్చీరాని ఇంగ్లిష్‌లో నెట్టుకొచ్చాం. ఫిడేలు వెనక చెక్క మీద టేపు పెట్టి ఫొటో తీయమన్నాను. పదమూడు అంగుళాల పైచిలుకుంటే ముప్పావు, పద్నాలుగుంటే ఫుల్ సైజు. అంచుల దగ్గర అతుకు ఊడిందా అని అడిగాను. ఊడినా ఫరవాలేదు, అది మళ్లీ అతికించుకునేలా చేసే జిగురే. చెక్కే పగిలితే మాత్రం, అందులోనూ గుర్రం (తీగల్ని ఎత్తిపట్టే చెక్కముక్క) కింద, వదిలేసుకోవడమే. ఒక్కో తీగ విడివిడిగా మీటి రికార్డు చేయమన్నాను. ఇంతలా విసిగిస్తే ఎవరైనా కసురుకుంటారు. ఆవిడ ఒక్కో తీగకి ఒక్కో వాయిస్ మెసేజ్ పంపారు, మూడోదాంట్లో కుక్కర్ విజిల్ కూడా పడింది. బేరం అక్కడే కుదిరిపోయింది. సగం డబ్బు ముందు, సగం అందాక.

డబ్బా తెరిస్తే నలిపి కుక్కిన తమిళ పేపర్లు. పాత నేత చీరలో చుట్టిన పెట్టె. కమాను వెంట్రుకలు వదులు చేసి ఉన్నాయి. గుర్రాన్ని విడిగా దూదిలో పెట్టారు. ఇంత శ్రద్ధగా కట్టారే అనుకుంటుండగానే పిల్ల ఫిడేలు పైకెత్తింది. లోపల కటకటమని చప్పుడు.

"మావయ్యా, లోపలేటో దొర్లుతోంది!"

టెన్షన్ పడుతూనే బండి తీసి, మూడు లాంతర్ల సెంటర్ అవతల ఉండే మాస్టారింటికి పట్టుకెళ్లాం. ఆయన ఒకసారి ఊపి చూసి నవ్వేశారు. "ఏటీ అయిపోలేదమ్మా. దారిలో దెబ్బ తగలకూడదని తీగలన్నీ ఒకేసారి వదిలేశారు. అంచేత లోపలి పుల్ల పడిపోయింది." పైచెక్కకీ కిందిచెక్కకీ మధ్య నిలబడే ఆ సౌండ్ పోస్ట్‌కి జిగురుండదు. తీగల బిగువు చెక్క మీద పడి, ఆ ఒత్తిడికే నిలబడి ఉంటుంది. ఆవిడ జాగ్రత్తే దాన్ని పడగొట్టిందన్నమాట!

మాస్టారు ఎస్ ఆకారంలో వంచిన ఇనప చువ్వ కొసకి పుల్లని గుచ్చి, పక్క రంధ్రంలోంచి లోపలికి దూర్చారు. నేను ఫోన్ లైటు పట్టుకున్నాను. పుల్ల నిలబడుతుంది, చువ్వ లాగేలోపు పడుతుంది. ఆయన విసుక్కోరు. సన్న తీగ వైపు, గుర్రం కాలికి కాస్త వెనకగా, నిటారుగా నిలబడేసరికి కాఫీలు రెండోసారి వచ్చాయి. అప్పుడు గుర్రం ఎక్కించి, తీగలు ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించారు.

ఇంటికొచ్చాక మిగతా సగం పంపాను. డబ్బు అందిందని ఆవిడ ఒక్క ముక్క రాసి, పాప వాయించిన వీడియో పంపమన్నారు. మా పిల్ల ససేమిరా అంది. పంచమం తీగ బిగించే బిరడా జారిపోతోంది, బిగించిన ఐదు నిమిషాలకే శ్రుతి దిగిపోతోంది. బిరడాకి కాస్త సుద్దముక్క రాస్తే పట్టుకుంటుందని మాస్టారు చెప్పారు. సోమవారం స్కూల్లో బ్లాక్‌బోర్డు దగ్గర ఒకటి అడిగి తెచ్చుకుంటానంది.