స్వర్ణాల చెరువు దగ్గర 35 ఎంఎం లెన్స్‌తో

రొట్టెల పండుగకు కెమెరా పట్టుకుని నెల్లూరు వచ్చేవాళ్లకు చెబుతున్నాను: డబ్బు ముందు లెన్స్ మీద పెట్టండి, బాడీ మీద కాదు. ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) మిర్రర్‌లెస్ కెమెరాకు, అంటే లోపల అద్దం లేనిదానికి, 35 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ తగిలించుకుని బారాషహీద్ దర్గా పక్కన, స్వర్ణాల చెరువు ఒడ్డున సాయంత్రమంతా తిరిగాను. కెమెరాతో వచ్చే మామూలు కిట్ జూమ్‌ను పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/5.6 దగ్గర ఆగుతుంది. ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది. ఎఫ్/1.8 దానికి దాదాపు పది రెట్ల వెలుగు లోపలికి రానిస్తుంది. చీకటి పడ్డాక ఆ తేడా ముఖాల్లో తెలిసింది. నీళ్లలో నిలబడి చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె మార్చుకునే చేతులు ఒక్కచోట నిలవవు. షట్టర్ వేగం 1/250 సెకను కంటే తగ్గించబుద్ధి కాలేదు.

వెలుగు సరిపోయిందో లేదో నొక్కకముందే వ్యూఫైండర్‌లో కనబడటం ఎంత మేలో! ప్రార్థనలు చేసుకునేవారి దగ్గర శబ్దం లేని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడటం మర్యాద. కొన్ని ఎల్ఈడీ దీపాల కింద మాత్రం చారలు పడతాయి, అప్పుడు మెకానికల్‌కు మార్చుకోవాలి. రెండో బ్యాటరీ తప్పనిసరి.

దూరం నుంచే ముఖాన్ని దగ్గరగా చూపే 85 ఎంఎం లెన్స్ కొనమని మిత్రులు అంటున్నారు. నాకు వద్దు. 35తో తీయాలంటే మనిషి దగ్గరికి వెళ్లాలి, “తీయమంటారా అమ్మా?” అని అడగాలి. నాకు కావలసింది అదే.