పడమటి కిటికీ

అమ్మ కుర్చీ ఎప్పుడూ పడమటి కిటికీ పక్కనే. చలికాలంలో శాలువా కప్పుకుంటుంది గానీ చోటు మాత్రం మార్చదు. ఆ కిటికీ సంగతేమిటో ఈ రోజు తేల్చుకోవాలనుకున్నాను.

తెరలన్నీ పక్కకు లాగి కట్టి, వెలిగించిన అగరుబత్తిని రెక్క అంచు వెంట మెల్లగా జరిపాను. పైన పొగ నిటారుగానే లేచింది. కింది మూలకు రాగానే చటుక్కున గదిలోకి ఒరిగిపోయింది. ఇన్నాళ్లూ తప్పంతా అద్దానిదే అనుకున్నాను! రెక్కకూ చట్రానికీ మధ్య గోరు పట్టేంత సందు ఉంది.

పాత ఫోమ్ టేపు పొడిపొడిగా రాలింది. చట్రం తుడిచి, పూర్తిగా ఆరాకే కొత్తది అంటించాను. పోయిన ఏడు దుమ్ము మీదే అంటిస్తే నెల తిరగకుండా ఊడింది. మందం దగ్గరే చిక్కంతా. ఎక్కువైతే గడియ పడదు, తక్కువైతే సందు మూసుకోదు. మూడుసార్లు కోసి చూశాను.

ఇక అద్దం. లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నా, ఒంటి అద్దం చదరపు మీటరుకు సుమారు 5.7 వాట్ల వేడిని వదిలేస్తుంది. రెండు అద్దాల మధ్య 12 నుంచి 16 మిల్లీమీటర్ల గాలి పొర ఉంటే అది దాదాపు సగానికి తగ్గుతుంది. ఎడం మరీ పెరిగితే మధ్యలోని గాలి పైకీ కిందికీ తిరుగుతూ వేడిని మోస్తుంది. కదలని గాలి ఎంత మంచి దుప్పటో! కొత్త కిటికీ ఇప్పట్లో పెట్టించలేను. ఈ కిటికీని చలి తగ్గేదాకా ఎలాగూ తెరవం కాబట్టి, చట్రానికి పారదర్శకమైన ఫిల్ము అంటించి, హెయిర్ డ్రయ్యర్‌తో ముడతలు పోయేదాకా బిగించాను.

వేసవికి ఇది చాలదు. పడమటి ఎండ ఏటవాలుగా వస్తుంది, పైనున్న చూరు దాన్ని ఆపలేదు. లోపల తెర వేసినా, అప్పటికే అద్దం దాటిన ఎండ ఆ తెరను కాల్చి, వేడిని గదిలోనే నింపుతుంది. ఎండను అద్దానికి బయటే అడ్డుకోవాలి. వెదురు తెర వేలాడదీయడానికి బయట కొక్కేల చోటు గుర్తు పెట్టుకున్నాను.

రాత్రి మరో అగరుబత్తి వెలిగించి చూశాను. ఆ మూలన కూడా పొగ నిటారుగా లేచింది. అమ్మ శాలువా కుర్చీ వీపు మీద ఉంది. వంటింటి కిటికీకి మాత్రం టేపు రెండు జానలు తక్కువైంది.