ఇంపీరియల్ గ్రేప్ కూజా: ఈ మసక వదిలేలా లేదు

వినెగర్ అయింది, నిమ్మ ఉప్పు అయింది, కట్టుడు పళ్లు కడిగే బిళ్లలూ అయ్యాయి. ఊదారంగు ఇంపీరియల్ గ్రేప్ కూజా (అమెరికాలోని ఇంపీరియల్ కంపెనీ ద్రాక్షగుత్తుల అచ్చుతో తీసిన కార్నివాల్ గాజు, అంటే పైన రంగుల మెరుపు పూత ఉన్న గాజు) లోపలి మసక మాత్రం అక్కడే ఉంది. బయట వంక పెట్టడానికి లేదు. ద్రాక్షగుత్తుల మీద నీలం, బంగారం, ఆకుపచ్చ నీళ్ల మీద కిరసనాయిలు పడ్డట్టు తేలుతున్నాయి, మూతి అంచున పెచ్చు కూడా ఊడలేదు. దీపం ముందు పట్టుకుంటేనే అసలు సంగతి బయటపడుతుంది.

మసక ఒకే రకమైతే ఇంత గొడవ లేదు. అడుగు నుంచి సుమారు 9 సెంటీమీటర్ల ఎత్తున గీత గీసినట్టు తెల్లటి వలయం. దాని కింద గాజంతా సమంగా పాలిపోయి ఉంది. అడుగు అంచుల్లో గోధుమరంగు మరక. వలయం నీటి ఉప్పే; వెదురు పుల్లతో గీకితే గరగరలాడి పొడి రాలింది. 5 శాతం తెల్ల వినెగర్ వలయం మునిగేదాకా పోసి రాత్రంతా ఉంచితే సగం పోయింది, ఇంకోసారి పోస్తే మిగతాదీ పోయింది. మరక బిళ్లలకు లొంగింది (పాలిడెంట్ అయినా, కొట్టువాడి సొంత బ్రాండు అయినా ఒకటే, ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు). చిక్కంతా ఆ పాలిపోయిన భాగంతోనే.

లీటరు గోరువెచ్చని నీళ్లకు 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి పోసినా చలనం లేదు. కూజాలో నీళ్లు నింపితే మసక మాయం, ఆరగానే మళ్లీ ప్రత్యక్షం. గాజు జబ్బు పడిందనడానికి, అంటే పైన ఏదో పేరుకోవడం కాక గాజే దెబ్బతిందనడానికి, ఇది మొదటి గుర్తు. ఉప్పు పొర కూడా తడిలో కొంత కనబడదు కాబట్టి ఈ ఒక్క పరీక్షనే నమ్మకూడదు. బయట అచ్చు పువ్వులు అడ్డం కనుక భూతద్దం పనికిరాదు. ఫోనుకు తగిలించే 5.5 మిల్లీమీటర్ల ఎండోస్కోప్ కెమెరాను మెడలోంచి దించి, పక్కనుంచి టార్చి వేస్తే తేలిపోయింది: పైకి లేచిన పలుకులు ఎక్కడా లేవు, సూదితో పొడిచినట్టు సన్నని గుంటలే.

కూజాలో నీళ్లో పూలో పెట్టి ఏళ్లకేళ్లు వదిలేసి ఉంటారు. నిలవ నీరు గాజులోని సోడియాన్ని లాగేస్తుంది. ఆ క్షారం నీళ్లలోనే పోగై గాజును ఇంకా తింటుంది. చివరికి గుంటలు పడ్డ సిలికా పొర మిగులుతుంది. ఆమ్లాలు పేరుకున్నదాన్ని కరిగిస్తాయి గానీ పోయిన గాజును ఎక్కడినుంచి తెస్తాయి? బియ్యం, సబ్బునీళ్లు పోసి గిరగిరా తిప్పడం కూడా జిడ్డు, పాచి వరకే పనిచేస్తుంది. అది కూడా బియ్యం నానకముందే వంచేయాలి, లేకపోతే మెడలో ఇరుక్కుంటుంది.

బార్ కీపర్స్ ఫ్రెండ్ అనే తోముడు పొడి వాడమనే సలహా తరచూ వినిపిస్తుంది. అందులో ఆక్సాలిక్ ఆమ్లంతో పాటు గరుకు పొడి ఉంటుంది. కార్నివాల్ గాజుకు దాన్ని దరిచేరనివ్వకపోవడమే మంచిది. దాని రంగుల మెరుపు వేడి గాజు మీద తగరం, ఇనుము లవణాలు చల్లితే వచ్చిన పలచని పూత, ఒకసారి పోతే పోయినట్టే. వినెగర్ పోసేటప్పుడు కూడా గరాటు వాడి, మెడ చుట్టూ గుడ్డ కట్టి, బయట చుక్క పడితే వెంటనే మంచినీళ్లతో కడగాలి.

ఇలాంటి కూజాల లోపల మినరల్ ఆయిల్ పూసి అమ్మేవాళ్లున్నారు. మసక కనబడదు, కొన్నాళ్లకు దుమ్ము పట్టి బండారం బయటపడుతుంది. కొనేముందు పుల్లకు టిష్యూ చుట్టి లోపల తిప్పి చూడండి, జిడ్డంటితే వదిలేయండి.

మిగిలిన దారి యంత్రంలో పాలిషింగ్. లోపల రాగి తీగ ముక్కలు, సీరియం ఆక్సైడ్, నీళ్లు వేసి, మూతి బిగించి, రోజుల తరబడి నెమ్మదిగా దొర్లిస్తారు. సాదా సీసాలకు భేషైన పద్ధతి. ఈ కూజాకు మాత్రం ఒక్క రేణువు బయటికి కారినా పూత గీసుకుపోతుంది. బిరడా ఊడదని పనివాడు మాట ఇస్తే తప్ప ఇవ్వదలచుకోలేదు. ముందు పగిలిన మారిగోల్డ్ (నారింజ రంగు కార్నివాల్ గాజు) సీసా ఒకటి దొరికితే దానిమీద చూడాలి.

సేకరణలో మిగతా వాటి సంగతికొస్తే, నార్త్‌వుడ్ అనే ఇంకో కార్నివాల్ గాజు కంపెనీ గ్రేప్ అండ్ కేబుల్ అచ్చు వెన్నగిన్నె మూతకు పళ్లెం రంగు కుదిరింది, దాంతో టేబుల్ సెట్టు పూర్తయింది.

ఇక కూజాకు జత గ్లాసులు. అడుగున ఒకదానిలో ఒకటి కలిసిన ఐ, జీ అక్షరాలుంటే అవి ఇంపీరియల్ 1960ల్లో మొదలుపెట్టి పాత అచ్చుల్లో మళ్లీ తీసినవి. గుర్తు అరగదీసినవీ తిరుగుతుంటాయి, అందుకే అడుగును వేలితో తడిమి చూడాలి. ఒహాయోలో బెల్లైర్ ఇంపీరియల్ సొంతూరు, అక్కడి మ్యూజియంలో అసలు ఊదారంగు ఎలా ఉంటుందో చూసి పోల్చుకోవచ్చు. నది దాటితే వీలింగ్, నార్త్‌వుడ్ ఊరు. పంచ్ బౌల్ (విందుల్లో పానీయం పోసే, విడి పీఠం మీద కూర్చునే పెద్ద గిన్నె) ఒకటి కూడా కంట పడింది గానీ దాని పీఠం వేరేదేమోనని అనుమానం. గిన్నె పాదం కొలత కాలిపర్‌తో తీసుకున్నాక, ఊగకుండా కూర్చునే పీఠం దొరికితేనే బేరం.