పొద్దున్న డిశ్చార్జి అన్నారు, బయటపడేసరికి దీపాలు పెట్టే వేళయింది

అమ్మకి గాల్ బ్లాడర్‌లో రాళ్ళు. సోమవారం విజయనగరంలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో లాప్రోస్కోపీ చేశారు, పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు, అంతే. ఆపరేషన్ గురించి చెప్పడానికేమీ లేదు, డాక్టర్ గారు బంగారం. నేను చెప్పాలనుకున్నది బుధవారం సంగతి.

పొద్దున్న 9:40కి రౌండ్స్‌కి వచ్చి, గాట్లు చూసి, "ఇంటికెళ్ళిపోవచ్చమ్మా" అన్నారు. మాది రాజాం దగ్గర పల్లెటూరు. అమ్మ ఆ మాట వినగానే జడ వేసుకుని, చీర మార్చుకుని, ఫ్లాస్కూ గ్లాసులూ సంచిలో సర్దేసి మంచం మీద కూర్చుంది. మధ్యాహ్నం బస్సు పట్టుకుంటే అన్నం టైముకి కాకపోయినా టీ టైముకైనా ఇంట్లో ఉంటాం అని లెక్క. చేతికి క్యాన్యులా, అదే సెలైన్ ఎక్కించడానికి పెట్టే సన్న గొట్టం, మాత్రం అలాగే ఉంది. సిస్టర్‌ని అడిగితే "బిల్లు క్లియర్ అయ్యాక తీస్తామండి" అంది.

మాది మా కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్, క్యాష్‌లెస్. డబ్బు కట్టక్కర్లేదు కదా, తొందరగా అయిపోతుందనుకున్నాను. పక్క మంచం ఆవిడది గజపతినగరం వైపు, ఎన్టీఆర్ వైద్య సేవ అని ప్రభుత్వ ఉచిత వైద్యం పథకం ఉంది కదా, దాని కింద చేరారు. ఆవిడకీ అదే రోజు డిశ్చార్జి. ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే వైద్య సేవ మిత్ర వచ్చి ఫొటో తీసుకుని, వేలిముద్ర వేయించుకుని, మందులు చేతిలో పెట్టి పంపేశారు. పన్నెండున్నరకి వాళ్ళు ఆటో ఎక్కేశారు. అమ్మ నా వైపు చూసిన చూపు మర్చిపోలేను.

మా ఫైలు పొద్దుట్నుంచీ ఎక్కడుందంటే, నర్సుల టేబుల్ మీదే ఉంది. డిశ్చార్జి సమ్మరీ రాయాల్సిన డ్యూటీ డాక్టర్ ఐసీయూలో ఉన్నారట. పన్నెండుంపావుకి సమ్మరీ వచ్చింది. ఊరికే చదివాను కాబట్టి సరిపోయింది, అమ్మ వయసు 54 అయితే 45 అని కొట్టారు. పాలసీలో ఒకటి, సమ్మరీలో ఒకటి ఉంటే ఇన్సూరెన్స్ వాళ్ళు ఊరుకోరు. అది దిద్దించి మళ్ళీ సంతకం పెట్టించేసరికి ఒంటిగంట. ఆ తర్వాత వాడని మందులు ఫార్మసీకి వాపసు చెయ్యాలి. ఒక సెలైన్ సీసా, రెండు ఇంజెక్షన్లు, సగం స్ట్రిప్ మాత్రలు. ఆ కుర్రాడు భోజనానికెళ్ళి వచ్చి, స్ట్రిప్ వెలుతురుకి పెట్టి మాత్రలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి, కంప్యూటర్లో కొట్టి, చీటీ ఇచ్చాడు. ఆ చీటీ లేకుండా బిల్లు మూయరు. బిల్లు మూయకుండా ఇన్సూరెన్స్ డెస్క్ వాళ్ళు ఏదీ పంపరు.

నేనేమో మధ్యమధ్యలో ఆ డెస్క్ దగ్గరికెళ్ళి "మూడు గంటల్లో అప్రూవల్ ఇవ్వాలని రూల్ ఉంది కదండీ" అని వాదిస్తున్నాను. రూల్ నిజంగానే ఉంది. 2024 మే నెలలో బీమా కంపెనీల మీద నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్‌లో ఆసుపత్రి నుంచి డిశ్చార్జి రిక్వెస్ట్ అందిన మూడు గంటల్లోపు ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలని ఉంది. అంతకన్నా ఆలస్యమై ఆసుపత్రి అదనంగా ఏమైనా వసూలు చేస్తే అది బీమా కంపెనీయే పెట్టుకోవాలి. డెస్క్ అమ్మాయి పాపం కోప్పడలేదు, స్క్రీన్ నా వైపు తిప్పి చూపించింది. "సార్, మీది ఇంకా పంపనేలేదు."

అదీ సంగతి. గడియారం డాక్టర్ గారు వెళ్ళొచ్చన్న దగ్గర్నుంచి తిరగదు, ఆసుపత్రి కాగితాలు పంపిన దగ్గర్నుంచి తిరుగుతుంది. మాది వెళ్ళింది 2:05కి. 3:20కి క్వెరీ వచ్చింది, ఆపరేషన్ నోట్స్, స్కానింగ్ రిపోర్టు కావాలని. స్కానింగ్ రిపోర్టు మా సంచిలో ఉంది, అమ్మ చీరల కింద. సర్దిన సంచంతా మళ్ళీ మంచం మీద కుమ్మరించాం. 4:55కి ఫైనల్ అప్రూవల్ మెసేజ్ వచ్చింది. అంటే రెండు గంటల యాభై నిమిషాలు. రూల్ పక్కాగా పాటించారు, ఎవర్నీ ఏమీ అనడానికి లేదు!

బిల్లు 68,450. అప్రూవ్ చేసింది 63,900. మిగతా 4,550 గ్లౌజులు, డ్రెస్సింగ్ సామాన్లు, రిజిస్ట్రేషన్ లాంటివాటికి, అవి మనమే పెట్టుకోవాలి. అడ్వాన్సు పదివేలు కట్టి ఉన్నాం కాబట్టి వాళ్ళే మాకు 5,450 ఇవ్వాలి. వారంలో అకౌంట్లో పడుతుందన్నారు. ఎందుకైనా మంచిదని రసీదు మీద రాయించుకున్నాను.

ఇంకెవరికైనా పనికొస్తుందని చెప్తున్నాను. రేపు డిశ్చార్జి అని ముందు రోజు సాయంత్రమే తెలిస్తే సమ్మరీ డ్రాఫ్ట్, మందుల వాపసు ఆ రాత్రే చేసేయమని అడగండి. మొహమాటపడకండి, చేస్తారు. ఇన్సూరెన్స్‌కి ఎన్నింటికి పంపారో టైము అడిగి రాసుకోండి. స్కానింగ్ రిపోర్టులు సంచి అడుగున పెట్టకండి.

ఇదంతా జరుగుతుంటే గుమ్మం బయట వీల్‌చైర్‌లో ఒక పెద్దాయన, ఆయన కూతురు ఉన్నారు. మా మంచం ఆయనకే ఇస్తామన్నారట, మూడింటి నుంచీ అక్కడే ఉన్నారు. అమ్మ చూడలేక లేచిపోయి "రా బాబూ, నువ్వు తొంగో, నేను కూకుంటాను" అంది. సిస్టర్ ఒప్పుకోలేదు. సిస్టం‌లో ఆ మంచం మీద అమ్మ పేరే ఉందట.

ఆరుంపావుకి గేట్ పాస్ చేతికొచ్చింది. సిస్టర్ వచ్చి ప్లాస్టర్ ఊడదీసి, క్యాన్యులా లాగి, దూది పెట్టి గట్టిగా నొక్కుకోమంది. అమ్మ నొక్కుకుంటూనే "ఏటిరా, రాజాం బస్సు ఇప్పుడు దొరుకుద్దా?" అని అడిగింది. కారు మాట్లాడాను. ఎంతయిందో ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.