టెస్ట్‌లో హిల్ట్ ఎందుకన్నా?

మా ఆండ్రాయిడ్ యాప్‌లో ఆర్డర్ వివరాలు చూపించే స్క్రీన్ ఒకటుంది. జాబితాలో ఏ ఆర్డర్ నొక్కితే దాని ఐడీ ఆ స్క్రీన్ వ్యూమోడల్‌కి (స్క్రీన్‌లో చూపాల్సిన డేటాని పట్టుకుని ఉండే ఆబ్జెక్ట్‌కి) అందాలి. ఇంతే పని. నాకు వారం పట్టింది.

మొదట వ్యూమోడల్‌లో ఐడీ కోసం ఒక లేట్‌ఇనిట్ వేరియబుల్ (విలువ తర్వాత ఇస్తానని చెప్పేది) పెట్టి, స్టార్ట్ అనే ఫంక్షన్ రాసి, కంపోజ్ (ఆండ్రాయిడ్ యూఐ టూల్‌కిట్) స్క్రీన్ తెరుచుకోగానే నడిచే లాంచ్‌డ్ ఎఫెక్ట్ లోంచి పిలిచాను. పనిచేసింది. కానీ ఫోన్ అడ్డంగా తిప్పితే వ్యూమోడల్ పాతదే ఉంటుంది, స్టార్ట్ మాత్రం మళ్లీ నడుస్తుంది. సర్వర్‌కి రెండో రిక్వెస్ట్. దాన్ని ఆపడానికి, ఒకసారి నడిచిందని గుర్తుపెట్టుకునే ఒక ఫ్లాగ్. ఆ తర్వాత టెస్ట్ రాస్తూ స్టార్ట్ పిలవడం నేనే మర్చిపోయాను, వేరియబుల్‌కి విలువే లేదంటూ టెస్ట్ పడిపోయింది. రాసినవాడికే గుర్తులేకపోతే ఇక మిగతావాళ్ల సంగతేంటి? అసలు ఐడీ లేకుండా ఆ ఆబ్జెక్ట్ పుట్టకూడదు.

ఐడీని కన్‌స్ట్రక్టర్‌లోకి, అంటే ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడే నడిచే ఫంక్షన్‌లోకి, మార్చాను. మా యాప్‌లో ఆబ్జెక్ట్‌లకి కావాల్సినవి సమకూర్చి వాటిని తయారుచేసేది డాగర్ లైబ్రరీ, ఆండ్రాయిడ్ కోసం దాని మీద కట్టిన పొర హిల్ట్. బిల్డ్ చేస్తే డాగర్ మిస్సింగ్ బైండింగ్ అంది, అంటే ఐడీ ఎక్కడ్నుంచి తేవాలో దానికి తెలియదు. దాని తప్పేం లేదు. రిపాజిటరీని (డేటా తెచ్చిచ్చేదాన్ని) ఎలా తయారుచేయాలో దానికి చెప్పి ఉంచాం. యూజర్ ఏ ఆర్డర్ నొక్కుతాడో దానికెలా తెలుస్తుంది?

దీనికి మందు అసిస్టెడ్ ఇంజెక్షన్. డాగర్‌లో ఇది 2.31 వెర్షన్‌తో వచ్చినా, హిల్ట్ వ్యూమోడళ్లకి నేరుగా పనికొచ్చింది 2.49 నుంచి. ఐడీ పారామీటర్‌కి అసిస్టెడ్ అని గుర్తు పెట్టి, ఐడీ తీసుకుని వ్యూమోడల్‌ని ఇచ్చే ఒకే ఫంక్షన్ ఉన్న ఫ్యాక్టరీ ఇంటర్‌ఫేస్ రాసి, దాన్ని హిల్ట్‌కి చూపిస్తే చాలు, మిగతావన్నీ డాగర్ నింపుతుంది. నావిగేషన్ ద్వారా వచ్చే ఐడీని సేవ్డ్ స్టేట్ హ్యాండిల్ (కీ, విలువ జతలుగా దాచే చోటు) లోంచి కూడా తీసుకోవచ్చు. కానీ అక్కడ కీ పేరులో ఒక్క అక్షరం తప్పినా కంపైలర్ పట్టుకోదు. నా టైపింగ్ మీద నాకంత నమ్మకం లేదు.

ఇక టెస్టులు. హిల్ట్ వాడాం కాబట్టి టెస్ట్‌లోనూ హిల్ట్ ఉండాలనుకుని రోబోలెక్ట్రిక్ (ఫోన్ లేకుండా కంప్యూటర్‌లోనే ఆండ్రాయిడ్ టెస్టులు నడిపేది), హిల్ట్ రూల్, టెస్ట్ మాడ్యూళ్లు అంటూ రెండు రోజులు తంటాలు పడ్డాను. టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు వెనక నిలబడి చూసి, "టెస్ట్‌లో హిల్ట్ ఎందుకన్నా? కన్‌స్ట్రక్టర్‌నే పిలవచ్చుగా" అన్నాడు. సిగ్గేసింది. అసిస్టెడ్ అనేది ఒక అనోటేషన్ మాత్రమే, కన్‌స్ట్రక్టర్ మామూలుదే. ఉత్తుత్తి రిపాజిటరీ ఒకటి, ఐడీగా "42" ఇస్తే వ్యూమోడల్ చేతికొచ్చింది.

అయినా టెస్ట్ పాస్ కాలేదు. వ్యూమోడల్ స్కోప్‌లో మొదలయ్యే పనులు మెయిన్ డిస్పాచర్ (పనిని మెయిన్ థ్రెడ్‌కి పంపేది) మీద నడుస్తాయి, కంప్యూటర్‌లో నడిచే టెస్ట్‌లో ఆండ్రాయిడ్ మెయిన్ థ్రెడ్ ఉండదు. సెట్‌మెయిన్‌తో దాని స్థానంలో స్టాండర్డ్ టెస్ట్ డిస్పాచర్ పెట్టాను. ఈసారి స్టేట్ ఎంతసేపటికీ లోడింగ్ దగ్గరే ఉంది. మనం ముందుకు తోస్తే గాని ఆ డిస్పాచర్ వరసలో ఉన్న పని చేయదట! అడ్వాన్స్ అంటిల్ ఐడిల్ పిలిచాక టెస్ట్ పాసై పచ్చరంగు కనిపించింది.

వారం తర్వాత పక్కకి జరిపితే తర్వాతి ఆర్డర్ వచ్చే పేజర్ పెట్టాం. అన్ని పేజీల్లోనూ మొదటి ఆర్డరే! వ్యూమోడళ్లని తెచ్చిచ్చే వ్యూమోడల్ ప్రొవైడర్ మామూలుగా క్లాస్ పేరుతోనే కీ తయారుచేస్తుంది కాబట్టి రెండో పేజీకి ఫ్యాక్టరీని అడగనే లేదు, ఉన్నదాన్నే ఇచ్చేసింది. ఐడీని కీగా ఇచ్చి సరిచేశాను. నా యూనిట్ టెస్టులు మాత్రం అప్పుడూ పచ్చగానే ఉన్నాయి, ఆ తప్పు వ్యూమోడల్‌లో లేదు కాబట్టి. దానికి యూఐ టెస్ట్ ఇంకా రాయలేదు.